వెనక్కి దిగిన పసుపు

హైలైటర్ తెచ్చిపెట్టమని మానస అడిగినప్పుడు ఏ హైలైటరో అడగాలని నాకు తోచలేదు. మానస మా పెద్దమ్మాయి కూతురు. బెజవాడలో ఫార్మసీ చదువుతూ నా దగ్గరే ఉంటోంది. ఆ సాయంత్రం వాళ్ళ కాలేజీలో ఫేర్‌వెల్. పొద్దున్నే తలంటుకుని, తడి జుట్టు తువ్వాలులో చుట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ, వన్ టౌన్ వెళ్తున్నావుగా అమ్మమ్మా, వచ్చేటప్పుడు ఒక హైలైటర్ పట్టుకురా అంది. ఆ మాట నాకు కొత్త కాదు. దాని పుస్తకాల నిండా ఆ పసుపు గీతలే. నేను చింతపండు కొనుక్కుని, సందు చివర బోర్డు మీద 'పుస్తకములు, పెన్నులు, ఆఫీసు సామాను' అని ఉంటే నిలబడి మొత్తం చదివి లోపలికి వెళ్ళాను. బోర్డు కనిపిస్తే చివరిదాకా చదవందే కదలను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఆ సరదా ఇంకా తీరలేదు.

ఇంటికి తెచ్చి ఇచ్చాక మానస ఆ పెన్ను వంకా నా వంకా చూసి, మంచం మీద కూలబడి నవ్వింది. "ఇది పుస్తకానికి అమ్మమ్మా. నేనడిగింది మొహానికి" అంది. మొహానికీ హైలైటర్ ఉంటుందట. ఫోనులో బొమ్మ చూపించింది. చిన్న డబ్బాలో గులాబీ రంగు కలిసిన తెల్లపొడి, ముత్యం అరగదీసినట్టు. బుగ్గ ఎముక మీద, ముక్కు దూలం మీద, పై పెదవి వంపులో, అంటే వెలుతురు పడే చోటల్లా రాస్తారట. పుస్తకంలోది ఇక్కడ చదవమని చెబుతుంది, మొహం మీదది ఇక్కడ చూడమని చెబుతుంది, అందుకే రెండింటికీ ఒకటే పేరు అని వివరంగా చెప్పింది. నేను విని, మా పెద్దమ్మకి రెండింటికీ ఒకటే గిన్నె ఉండేదే అన్నాను. కబుర్లు చెప్పకు అంది. తెచ్చింది పారెయ్యడం ఎందుకని ఆ పెన్నుతో ఏదో నోట్సులో రెండు గీతలు గీసి, కాగితం తిప్పి చూసి, "చవకది అంటగట్టాడు నీకు. చూడు, వెనక్కి దిగిపోతోంది" అని పేజీ నా ముందు పెట్టింది. మానస వేరే పనిలో పడిపోయింది. నేను ఆ పేజీ పట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయాను.

మా పెద్దమ్మ పేరు రత్తమ్మ. గోడల మీద అంటించే కాగితాల్లో మాత్రం కుమారి రత్నం. పౌరాణిక నాటకాల్లో ఆడ వేషాలు కట్టేది. మా అమ్మకి గుడివాడ అవతల పొలం పనులు, నా తరవాత నలుగురు పిల్లలు. పెద్దమ్మకి పిల్లలు లేరు. ఒక చలికాలం వచ్చి, దీన్ని నేను తీసుకుపోతాను అక్కడ అన్నానికి లోటుండదు అని, బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చేసింది. ఆవిడ ఇల్లు వన్ టౌన్‌లో కొండవైపు సందులో. ఒకటే గది, ముందు అరుగు, వెనక బెల్లం గోడౌను. ఎండాకాలం గోడౌను గోడ వేడెక్కితే బెల్లం పాకం వాసన మా వంటింట్లోకి వచ్చేది. దాని వెంట చీమలు వచ్చేవి. తెల్లవారకముందే తోపుడు బళ్ళ ఇనప చక్రాలు సందులో రాళ్ళ మీద దొర్లే చప్పుడుతో లేచేవాళ్ళం. ఆ చప్పుడులో పెద్దమ్మ గొంతు సవరించుకునేది. మిరియాలూ పటికబెల్లం బుగ్గన పెట్టుకుని, పాట కాదు మాట కాదు, నూతిలో చేద దిగుతున్నట్టు కిందికి, ఇంకా కిందికి ఒక స్వరం దింపేది. నాటకం ఉన్న వారం పెరుగు ముట్టేది కాదు. నాటకం రోజు మధ్యాహ్నం దాకా నోరు విప్పేది కాదు. ఉప్పు కావాలంటే వేళ్ళు నలిపి చూపించేది, నేను ఆలస్యం చేస్తే అదే చేత్తో మొట్టికాయ వేసేది.

గోడ గూట్లో కంచు గిన్నె ఉండేది. అందులో అర్దళం. పసుపుపచ్చ రాయి అది. దాన్ని అరగదీసి కొబ్బరినూనెలో కలిపి మొహానికి రాస్తే నల్లటి మనిషి కూడా బంగారు రంగులోకి వచ్చేది. దాని పైన బుగ్గలకీ ముక్కు మీదా అభ్రకం పొడి అద్దేది. చిటికెడు చాలు, మొహం ఇటు తిప్పితే ఇక్కడ తళుక్కు, అటు తిప్పితే అక్కడ తళుక్కు. వెనక వరసలో కూర్చున్నవాడికి కన్నూ ముక్కూ కనపడవే, వాడికి ఈ మెరుపే మొహం అనేది. గిన్నె చుట్టూ ఆ వాసన, కొబ్బరినూనె కొంచెం కనరెక్కిన వాసన, తడిసిన రాతి వాసన కలిసి. ఇప్పటికీ పాత ఇంట్లో ఏదైనా అలమర తెరిస్తే ఒక్కోసారి తగులుతుంది. అక్కడ అర్దళం ఉండదని తెలుసు.

పెద్దమ్మకి చదువు రాదు. ఆ సంగతి మా సందులో అందరికీ తెలుసు, నాటకాల కాంట్రాక్టరుకి మాత్రం తెలియదు. ఆవిడకి వేషం చదివి వినిపించేది ఎదురింటి మార్తమ్మ టీచరుగారు. మిషన్ బళ్ళో పనిచేసేవారు. తెల్ల చీర, నల్ల గొడుగు, నడకలోనే గంట కొట్టినట్టు ఉండేది. బడి వదిలాక మా అరుగు మీద కూర్చుని, గ్లాసుడు కాఫీ తాగి, నాటకం పుస్తకం తెరిచి బైబిలు చదివినట్టే చదివేవారు. దేవుడు శపించినా దాసి ఏడ్చినా ఒకటే గొంతు. కొంచెం భావంగా చదవండి టీచరుగారూ అని పెద్దమ్మ బతిమాలితే, రాగాలు మీ పని రత్తమ్మగారూ, నాది మాటల పని అనేవారు. శృంగారం పద్యాలొస్తే నన్ను మంచినీళ్ళకి పంపించి, గొంతు తగ్గించి గబగబా దాటించేసేవారు. ఆదివారం మాత్రం ఎంత తొందరైనా పుస్తకం ముట్టుకునేవారు కాదు.

పెద్దమ్మ పక్కన కూర్చుని అర్దళం నూరుతూ వినేది. తన మాట వచ్చినప్పుడు ఇదిగో ఇక్కణ్ణించి ఇక్కడిదాకా మీది అని టీచరుగారు చూపిస్తే, నూనె పసుపు అంటిన వేలితో ఆ వరసల మీద ఒక్క పూత పూసేది. అలా పుస్తకం అంతా తన వేషం పసుపుపచ్చగా తేలేది. వేళ్ళకి అంటుకున్న అభ్రకం కూడా పడి, పేజీ తిప్పితే ఆ వరసలు సన్నగా మెరిసేవి. మర్నాటి నుంచి ఎవరు చదివినా వెతుక్కోవక్కర్లేదు, పసుపున్న చోట చదివితే చాలు. నాకు అక్షరాలు తెలియకపోయినా ఏ పేజీలో పెద్దమ్మ ఎంతసేపు ఉంటుందో తెలిసేది. కొన్ని పేజీల్లో ఆవిడ ఉండేదే కాదు.

అప్పటిదాకా ఆవిడవి చెలికత్తె వేషాలు, మునిపత్ని వేషాలు. రాణి వేషం కట్టే ఆవిడ సినిమాల్లోకని మద్రాసు వెళ్ళిపోయింది. కాంట్రాక్టరు మా అరుగు ఎక్కి, పాతసామాన్లు కొనేవాడిలా ఇల్లంతా కళ్ళతో కొలిచి, బందరు కాలవ మీద ఒక ఊళ్ళో వచ్చే వారం నాటకం ఉంది, రాణి మీరే, పుస్తకం ఇచ్చిపోతాను చదువుకుని రాగలరా అన్నాడు. నాకు చదివిపెట్టేవాళ్ళు కావాలి అనేవాళ్ళతో నేను వేగలేను, ముందే చెబుతున్నాను అని కూడా అన్నాడు. పెద్దమ్మ పుస్తకం అందుకుని, "చదువుకునే వస్తానండి" అంది. అతను సందు మలుపు తిరిగిందాకా ఆగి, నా చెయ్యి పట్టుకుంది. ఈ ఒక్కటీ నిలబడితే ఇంక పక్కన చామరం పట్టుకుని నిలబడే వేషాలు వెయ్యక్కర్లేదే కోటీ అంది. కోటేశ్వరి నా పేరు.

టీచరుగారు మొదటి రోజు నాటకం అంతా ఒకసారి చదివి రాణి మాటలు చూపించారు. కొడుకుని వదిలి వెళ్తూ రాణి చదివే పద్యం ఒకటుంది. అది పెద్దమ్మకి ఎంత నచ్చిందంటే, మళ్ళీ చదవండి మళ్ళీ చదవండి అంటూ, విన్నప్పుడల్లా ఆ నాలుగు వరసల మీదా వేలితో నిమిరింది. పాప తల నిమిరినట్టే. మర్నాడు పొద్దున టీచరుగారికి బందరు నుంచి కబురు వచ్చింది, వాళ్ళమ్మగారికి ఒంట్లో బాగాలేదని. ఆవిడ గొడుగు తీసుకుని బస్సెక్కేశారు.

అప్పుడు పెద్దమ్మ గాజుల కొట్టువాళ్ళ కొత్త కోడలు సుశీలని పట్టుకుంది. పదో క్లాసు చదివిన పిల్ల. అత్తగారు పడుకున్న వేళ చూసి చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చేది. అత్తగారు లేస్తుందేమోనని వినీవినపడనట్టు చదివేది. నాటకం అంటే ఏమిటో తెలియదు, పక్కన వేసిన పేరు చూసుకోవాలనీ తెలియదు. పసుపున్న చోటల్లా చదువు తల్లీ లేనిచోట వదిలెయ్ అని పెద్దమ్మ చెప్పింది. ఆ పిల్ల అలాగే చదివింది. కొడుకుని వదిలే పద్యం ఉన్న కాగితంలో నూనె వెనక్కి దిగింది. ఆ వెనక ఉన్నది రాజు పద్యం. నన్ను నేను అమ్ముకుంటాను గాని ఇచ్చిన మాట వెనక్కి తీసుకోను అని రాజు చేసే ప్రతిజ్ఞ, నాటకానికి అదే ప్రాణం. అది కూడా పసుపుపచ్చగానే ఉంది, కొంచెం లేతగా. మన భాషలో 'అమ్ముకుంటాను' అని మగవాడన్నా ఆడదన్నా ఒకటే. ఆ వరసల్లో మీసం లేదు, కాటుక లేదు. పెద్దమ్మకి ఒకసారి అనుమానం వచ్చింది. ఇది నాదేనంటావా అని అడిగింది. పసుపుందండీ అంది సుశీల. తన వేలితో తను పెట్టుకున్న గుర్తు, ఇంక దాన్ని కాదనుకోలేదు. ఆ పద్యానికి ఎంచి ఎంచి రాగం కట్టుకుంది.

ఆ రోజుల్లో ఈ నాటకాలకి రిహార్సల్ ఉండేది కాదు. తలా ఒక ఊరి నుంచి వచ్చి, అక్కడ రంగు పూసుకుని, తెర లేచాకే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు. ఆ ఊళ్ళో కరెంటుని నమ్మలేక మధ్యాహ్నమే నాటకం పెట్టుకున్నారు. రైసుమిల్లు కళ్ళంలో పందిరి. ఊక వాసన. పొద్దు పడమటికి వాలేసరికి ఎండ ఏటవాలుగా స్టేజీ మీదికి వచ్చింది. రాజు వేషం వెంకటస్వామిగారు. ఆయన పేరు చెబితే పక్క ఊళ్ళ నుంచి బళ్ళు కట్టుకుని వచ్చేవాళ్ళు. భారీ మనిషి, మెళ్ళో పూసలు, గొంతు ఎత్తితే మిల్లు రేకులు మోగేవి. మహర్షి వచ్చి రాజుని నిలదీశాడు. రాజు ప్రతిజ్ఞ చెయ్యాలి. వెంకటస్వామిగారు ఊపిరి పీల్చుకుని ఒక అడుగు ముందుకు వేశారు. ఆయన నోరు తెరిచేలోపల పెద్దమ్మ అందుకుంది.

నేను పక్క తెర సందులోంచి చూస్తున్నాను. ఎండ ఆవిడ బుగ్గ మీద పడి అభ్రకం భగ్గుమంది. హార్మోనియం ఆయన తల ఎత్తి చూసి, మారు మాట్లాడకుండా ఆవిడ శ్రుతి పట్టుకున్నాడు. వెంకటస్వామిగారు వేసిన అడుగు వేసినట్టే ఉండిపోయారు. నాలుగో పాదం చివర పెద్దమ్మ స్వరాన్ని పైకి ఎత్తకుండా, పొద్దున సాధన చేసినట్టే కిందికి దింపింది. తరవాత ఈలలు, వన్స్ మోర్లు. రాజుకి చదవడానికి పద్యం లేదు. ఆయన ఒక్క క్షణం నేల చూసి, దేవీ, నా గుండెలో మాట నీ నోట విన్నాను, ఇంక నేను వేరే చెప్పేదేముంది అని, కిరీటం సవరించుకుని నాటకాన్ని ముందుకు నడిపించేశారు.

తెర పడ్డాక తాటాకుల దడి వెనక ఆయన నెమ్మదిగానే అడిగారు, అది నా పద్యం కదమ్మా అని. పెద్దమ్మ మొహం అర్దళం కిందనుంచి కూడా తెల్లబోయింది. పసుపుందండీ అని పుస్తకం ఆయన చేతికి ఇచ్చింది. ఈలోపల కాంట్రాక్టరు వచ్చాడు. ముప్ఫై ఊళ్ళు తిప్పాను ఈ నాటకాన్ని, రాజు పద్యం రాణి చదవడం ఇదే చూడ్డం, పుస్తకం చదివారా లేకపోతే బెల్లం పొట్లాలు కట్టారా అని మొదలుపెట్టాడు. పెద్దమ్మ బొట్టు తుడుచుకుంటున్నంత మామూలుగా అంది.

"నాకు చదువు రాదండి."

ఇంక చామరమే అనుకున్నాను నేను. వెంకటస్వామిగారు పుస్తకాన్ని ఎండకేసి ఎత్తి పట్టుకుని ఉన్నారు. కాగితం ఇటు తిప్పారు, అటు తిప్పారు. రెండు వైపులా ఒకటే పసుపుగా ఉందయ్యా, ఆవిడ స్థానంలో నేనున్నా ఇలాగే చదువుదును అన్నారు. కాంట్రాక్టరు ఏదో అనబోతే, "ఆ పద్యం ఇంక ఆవిడకే ఉండనీ. జనం అడిగింది నువ్వు విన్నావుగా. ఆవిణ్ణి మారిస్తే నన్నూ మార్చుకో" అన్నారు. అతను గొణుక్కుంటూ వెళ్ళాడు. వెంకటస్వామిగారు కిరీటం తీసి, తల మీద దాని ఒరిపిడి రుద్దుకుంటూ పెద్దమ్మ వైపు వంగి, నాకు కూడా వినపడీ వినపడనట్టు అన్నారు.

"నాకూ రాదమ్మా. మా నాన్న చెవిలో పోసి పోయాడు. కంట్లో పొయ్యలేదు."

మార్తమ్మ టీచరుగారు తిరిగి వచ్చేసరికి అరుగు మీద ఇద్దరున్నారు. శనివారాలు వెంకటస్వామిగారు తెనాలి నుంచి రైలు దిగి మా సందుకి వచ్చేవారు. పుస్తకంలో పెద్దమ్మవి పసుపుపచ్చ, ఆయనవి ఎరుపు, మగ వేషానికి పూసే ఇంగిలీకం రంగు. టీచరుగారు ముందు పేజీలు చూసి, పుస్తకమా పెళ్ళి పీటా ఇది అని ఇద్దర్నీ చీవాట్లు పెట్టి, కింద అడ్డ కాగితం పెట్టి రంగు రాయడం నేర్పారు. ఒకరోజు, ఇంత తంటా ఎందుకు, రోజుకు అరగంట కూర్చోండి అక్షరాలు నేర్పిస్తాను అన్నారు. వెంకటస్వామిగారు సరేనని సంతకం దాకా నేర్చుకుని ఆగిపోయారు. పెద్దమ్మ అసలు ఒప్పుకోలేదు. అక్షరాలొస్తే పద్యాలు పోతాయేమో టీచరుగారూ అంది. నాకు పోయాయా అని టీచరుగారు నవ్వారు. మీకెప్పుడు ఉన్నాయండీ పోవడానికి అంది పెద్దమ్మ. ఆ పూట టీచరుగారు కాఫీ తాగకుండానే వెళ్ళారు, మర్నాడు మామూలుగానే వచ్చారు.

రాణి వేషం పెద్దమ్మకి నిలిచింది. వెంకటస్వామిగారు ఉన్నన్నాళ్ళూ ఆ ప్రతిజ్ఞ పద్యం రాణిదే. ఇదేమిటని ఎవరైనా అడిగితే ఇది బెజవాడ పద్ధతి అనేవారాయన. కొన్నాళ్ళకి వేరే రాణులు కూడా ఆ పద్యం తమదే అని చదవడం మొదలుపెట్టారని విన్నాం. తరవాత రికార్డు డాన్సులొచ్చాయి, వీడియో పందిళ్ళొచ్చాయి, కాంట్రాక్టరు సిమెంటు వ్యాపారంలోకి వెళ్ళాడు. ఆ సందు ఇప్పుడూ ఉంది. గోడౌనులో బెల్లం లేదు, ప్లాస్టిక్ బిందెలున్నాయి. పెద్దమ్మ చివరిదాకా ఒక్క పాదం మరిచిపోలేదు. ఆసుపత్రి మంచం మీద కూడా నర్సులు అడిగితే చదివేది.

ఆ అరుగు మీద ఒక టీచరూ, ఒక పుస్తకమూ, చదువు రాని ముగ్గురమూ ఉండేవాళ్ళం. మూడోదానికి నేర్పుదామని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. నొచ్చుకోవడానికి అందులో ఏమీ లేదు. వినడమే చదువనుకున్న ఇల్లు అది. మా అపార్ట్‌మెంటులో రిటైరైన ఒకావిడ పనిమనుషులకి చదువు చెబుతుంటే నేనూ వెళ్ళి కూర్చున్నాను. మొదటిసారి ఒక పేజీ అంతా నాకు నేనే చదువుకున్న రోజు, ఎవరి గొంతూ అడ్డం లేకుండా మాట నేరుగా నాలోకి వచ్చింది. ఆ హాయి పెద్దమ్మకి తెలియకుండా పోయిందే అనుకున్నాను. అది నిజమే. మానస తన పుస్తకాల్లో పేజీకి పేజీ పసుపు చేసేస్తుంది. ఇదంతా ముఖ్యమేనా అంటే పరీక్షకి ముఖ్యం, తరవాత మర్చిపోవచ్చు అంటుంది. దాన్నీ తప్పు పట్టను. మరిచిపోయినా మళ్ళీ చూసుకోవడానికి దానికి పుస్తకం ఉంది. మాకు మరిచిపోతే పోయినట్టే, అందుకని మరిచిపోయేవాళ్ళం కాదు.

ఫేర్‌వెల్ అయిన మర్నాడు పొద్దున, ఎవరో స్నేహితురాలి డబ్బాలోంచి పెట్టుకున్న మెరుపు ఇంకా బుగ్గ మీద మిగిలే ఉంది, మానస కాఫీ పట్టుకుని నా పక్కన కూర్చుని ఈ కథంతా చెప్పించుకుంది. చివరికి ఆ పద్యం పాడమంది. వందసార్లు కాదు, వెయ్యిసార్లు విన్నాను దాన్ని. గొంతు బొంగురుపోయినా ఎత్తుకున్నాను. మొదటి పాదం వచ్చింది. రెండోది వచ్చింది. మూడోది కొంచెం ఆగి వచ్చింది. నాలుగోది రాలేదు. స్వరం కిందికి దిగే చోటు తెలుస్తూనే ఉంది, దింపడానికి మాట లేదు. కళ్ళు మూసుకుని కూర్చున్నాను. బెల్లం వాసన కూడా గుర్తొచ్చింది గాని మాట రాలేదు.

మానస నాటకం పేరు అడిగి ఫోనులో వెతికింది. నిమిషంలో దొరికింది. అక్షరాలు పెద్దవి చేసి నా చేతికి ఇచ్చింది. కళ్ళజోడు పెట్టుకున్నాను. నాలుగు పాదాలూ ఉన్నాయి, పక్కన 'రాజు' అని కూడా ఉంది. ఒక్క అక్షరం తప్పు పోకుండా చివరిదాకా చదివాను.

"పాడమన్నాను అమ్మమ్మా, చదవడం కాదు" అంది మానస.

పాడదామనే మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ చదివాను.